చెవులకు కథ, చేతులకు దారం: క్రైస్తవ కుటుంబంలో ఇంటి చదువు నడిపే తీరు

మాది నరసాపురం పక్కన కాలువ గట్టు మీది పల్లె. మాకు ముగ్గురు పిల్లలు. ఏడేళ్ల కిందట పెద్దమ్మాయితో ఇంట్లోనే చదువు మొదలుపెట్టాం. మా సంఘంలోనూ, పక్క ఊళ్ల సంఘాల్లోనూ ఈ ఆలోచన ఉన్న తల్లులు ఫోను చేసి, "అక్కా, పొద్దున లేచిన దగ్గర నుంచి పిల్లలతో ఏం చేస్తారు? ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. అవన్నీ ఇప్పుడు వరుసగా రాస్తున్నాను.

మొదటి ఏడాది నేను బడినే ఇంట్లోకి తెచ్చాను. నల్లబల్ల కొన్నాను, గంటగంటకూ ఒక పాఠం చొప్పున పట్టిక రాసి గోడకు అంటించాను. మూడు నెలలకే అందరం అలిసిపోయాం. అప్పుడు దారి చూపింది మా అత్తయ్య. ఒక సాయంత్రం ఆమె అరుగు మీద లేసు అల్లుతూ యోసేపు కథ చెబుతుంటే, పిల్లలు దారం ఉండలు చుడుతూ గంటసేపు కదలకుండా విన్నారు. మర్నాడు అడిగితే, గుంటలో పడేసిన అన్నల దగ్గర నుంచి ఐగుప్తు ధాన్యపు కొట్ల దాకా పూస గుచ్చినట్టు చెప్పారు. చేతులకు పని ఉన్నప్పుడు పిల్లల చెవులు తెరుచుకుంటాయని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి మా ఇంట్లో చదివి వినిపించడం, చేతిపని కలిసే నడుస్తున్నాయి. మిగతా చదువంతా ఆ రెండింటి చుట్టూ అల్లుకున్నదే.

మొదటి మెట్టు: ఇంట్లో అందరి మాట, చట్టం మాట

భార్యాభర్తలిద్దరిదీ ఒకే మాట కాకపోతే ఇది మొదలుపెట్టకండి. రోజంతా పిల్లలతో గడిపేది ఒకరే కావచ్చు, కానీ బంధువుల ప్రశ్నలకు ఇద్దరూ జవాబు చెప్పాలి. అత్తమామలతో కూడా ముందే మాట్లాడండి. వాళ్లకు చెప్పకుండా బడి మాన్పిస్తే ఆ నొప్పి చాలాకాలం ఉండిపోతుంది. మేము వారం రోజులు కుటుంబ ప్రార్థనలో ఈ సంగతే ప్రభువు ముందు పెట్టి, ఆ తర్వాతే పెద్దల దగ్గర కూర్చున్నాం.

ఇక చట్టం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కని ఆ చట్టం చెబుతుంది, పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని కూడా అంటుంది. ఇంటి చదువుకు అందులో ప్రత్యేకమైన ఏర్పాటు లేదు, అలా చదివించే తల్లిదండ్రులకు శిక్ష కూడా రాసి లేదు. ఈ సంగతి దాచకుండా తెలుసుకుని అడుగు వేయాలి. పిల్లవాడికి నిజంగా చదువు అందుతోందని ఎవరు అడిగినా చూపించగలిగేలా ఇల్లు నడపాలి. ఆ చూపించే పద్ధతి చివర్లో చెబుతాను.

రెండో మెట్టు: మొదటి నెల ఏమీ కొనకండి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందుగా పుస్తకాల మీదా, విదేశీ పాఠ్యప్రణాళికల మీదా వేలకు వేలు పోస్తారు. అవసరం లేదు. మొదటి నెలకు బైబిలు, కీర్తనల పుస్తకం, ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం, పిల్లవాడి తరగతికి ప్రభుత్వం ముద్రించే లెక్కల పుస్తకం, ఒక్కొక్కరికి ఒక తెల్లకాగితాల నోటు పుస్తకం చాలు.

ఆ నెలంతా పిల్లలను గమనించండి. ఎవరు పొద్దున చురుగ్గా ఉంటారు, ఎవరికి సాయంత్రం బుర్ర బాగా పనిచేస్తుంది, ఎవరు కూర్చుని వింటారు, ఎవరు తిరుగుతూ వింటారు, అన్నీ రాసి పెట్టుకోండి. మావాడికి తొమ్మిదేళ్లు. నేల మీద బోర్లా పడుకుని బంకమట్టితో ఏదో ఒకటి చేస్తుంటేనే వినగలడు. వాణ్ని నిటారుగా కూర్చోబెట్టి చదివిన రోజు ఒక్క ముక్క కూడా వాడికి గుర్తుండదు.

మూడో మెట్టు: రోజుకు ఒక వెన్నెముక

గడియారం ప్రకారం కాకుండా వరుస ప్రకారం రోజును కట్టండి. మా వరుస ఇది. పొద్దున ఆరున్నరకు కుటుంబ ప్రార్థన. ఒక కీర్తన, ఒక అధ్యాయం, చిన్న ప్రార్థన, అంతా కలిపి ఇరవై నిమిషాలు మించదు. తర్వాత స్నానాలు, ఫలహారం, ఎవరి ఇంటిపని వాళ్లకు. ఎనిమిదిన్నర నుంచి చదివి వినిపించడం. ఆపైన లెక్కలు, తర్వాత రాత. పదకొండున్నరకు పుస్తకాలు మూత. భోజనం తర్వాత నిద్ర, లేదా నిశ్శబ్దంగా సొంత చదువు. మూడు గంటలకు చేతిపని. నాలుగున్నరకు వీధిలో ఆట. రాత్రి భోజనం అయ్యాక మళ్లీ అరగంట చదివి వినిపించడం. ఈసారి చదివేది మావారు.

కీర్తన పాడటాన్ని వట్టి పాటగా వదిలేయకండి. మన కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు మన సంగీతంలోనే మన దేవుణ్ని పాడారు. ఆది తాళం అని ఉన్న కీర్తన తీసి, నాలుగు, రెండు, రెండు, మొత్తం ఎనిమిది అక్షరాలు పిల్లలచేత తొడ మీద వేయించండి. ఆరేళ్ల పిల్లకు ఎనిమిదో ఎక్కం కన్నా ముందు ఎనిమిది లెక్క అలా చేతికి వస్తుంది.

కంఠత వాక్యానికి తొందర వద్దు. 23వ కీర్తనలో ఉన్నవి ఆరు వచనాలే. వారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు తీసుకోండి. ఆ ఆరు వారాలూ వంట చేసేటప్పుడు, బట్టలు ఆరవేసేటప్పుడు అదే పలుకుతూ ఉంటే నోటికి వచ్చిన మాట లోపలికీ దిగుతుంది.

నాలుగో మెట్టు: చదివి వినిపించడం, తిరిగి చెప్పించడం

మొత్తం ఇంటి చదువులో ఒక్కటే చేయగలం అంటే నేను చేయమనేది ఇదే.

ఇంగ్లండులో షార్లెట్ మేసన్ (1842–1923) అనే విద్యావేత్త పిల్లలకు పాఠాలు చిన్నవిగా ఉండాలని, మంచి రచన ఒక్కసారి చదివి వినిపించి, విన్నదాన్ని వాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పించాలని బోధించింది. చాలా దేశాల్లో క్రైస్తవ కుటుంబాలు ఆమె పద్ధతినే పట్టుకున్నాయి. మనకు ఇది కొత్తేమీ కాదు. హరికథ విని వచ్చి మర్నాడు బావి దగ్గర తిరిగి చెప్పిన అమ్మమ్మలు మనవాళ్లే.

చేసే విధానం చెబుతాను. ఆరేళ్ల పిల్లకు ఐదు నిమిషాలు, తొమ్మిదేళ్ల వాడికి పది నిమిషాలు, పన్నెండు దాటిన పిల్లకు పావుగంట, అంతకన్నా ఎక్కువ చదవకండి. చదివే ముందు కష్టమైన పేర్లు రెండు మూడు పలక మీద రాసి చదివించండి. తర్వాత ఒక్కసారే, నిదానంగా, గొంతు స్పష్టంగా పెట్టి చదవండి. మళ్లీ చదువుతారని తెలిస్తే పిల్లలు మొదటిసారి వినరు. పుస్తకం మూసి, "ఇప్పుడు నువ్వు చెప్పు నాన్నా" అనండి. చెబుతుండగా దిద్దవద్దు, అందించవద్దు. తప్పు చెప్పినా చివరిదాకా చెప్పనివ్వండి. అప్పుడు మిగతా పిల్లలను, "ఇంకేమైనా ఉందా?" అని అడగండి. తప్పులు సగం వాళ్లే సరిచేస్తారు. చిన్నవాళ్లను ముందు అడగాలి. పెద్దపిల్ల మొదట చెప్పేస్తే చిన్నదానికి చెప్పడానికి ఏమీ మిగలదు.

చదవడానికి ఏది ఎంచుకోవాలి? సులభమైన పిల్లల బైబిళ్లు దొరుకుతాయి. నాలుగేళ్ల లోపు అవి సరే. తర్వాత మాత్రం మన పాత అనువాదమే చదవండి. అందులోని తెలుగు కష్టం అంటారు. ఆ కష్టంలోనే మన పాత మాటలు బతికి ఉన్నాయి. యేసు పుట్టుక చదువుతుంటే "పొత్తిగుడ్డలు" అన్న మాట దగ్గర మా చిన్నది ఆపింది. నేను అర్థం చెప్పబోయే లోపే అత్తయ్య లేచి ట్రంకుపెట్టె తెరిచి, దాని పురిటినాటి మెత్తని పాత చీర ముక్క తెచ్చి ఒళ్లో పెట్టింది. "నిన్ను ఇందులోనే చుట్టాం అమ్మలూ" అంది. చిన్నది ఆ గుడ్డ బుగ్గకు ఆనించుకుని, "యేసయ్యకు కూడా ఇంత మెత్తగా ఉండేదా?" అని అడిగింది. ఆ మాటను అది ఇక ఎప్పటికీ మరచిపోదు.

బైబిల్లోని రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. అది చదివేందుకు మా జిల్లాలో సార్వా కోతల కాలం కన్నా మంచి సమయం లేదు. మోయాబు దేశం నుంచి వచ్చిన విధవరాలు రూతు, బోయజు అనే ఆసామి చేలో పరిగె, అంటే కోత తర్వాత చేలో మిగిలిన వెన్నులు, ఏరుకుందని రెండో అధ్యాయంలో ఉంది. కోత మిషన్లు వచ్చాక పరిగె అన్న మాట పిల్లలకు వినిపించడం లేదు. మేము చేత్తో కోసిన చేను ఒకటి వెతికి, రైతును అడిగి, ముగ్గురినీ దింపాం. గంటసేపు వెన్ను వంచి వెన్నులు ఏరారు. ఇంటికి తెచ్చి నలిపి చెరిగితే సోలెడు గింజలయ్యాయి. రూతు సాయంకాలం దాకా ఏరి దుల్లగొట్టినది దాదాపు తూమెడు యవలని మన బైబిల్లో ఉంది. అత్తయ్య పాత కొలతలు చెప్పింది: నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. మావాడు నేల మీద బొగ్గుతో గుణించి, "తూము అంటే అరవై నాలుగు సోలలు! మేము ముగ్గురం గంటకు సోలెడే ఏరాం. ఆవిడ ఒక్కతే అంత ఎలా ఏరింది?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. మళ్లీ చదువుకోమన్నాను. కాసేపటికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, కావాలనే పిడికెళ్లు వదిలేయమని బోయజు పనివాళ్లకు చెప్పాడు!" ఎన్నోసార్లు ప్రసంగాల్లో విన్న సంగతే అది. కానీ వెన్ను నొప్పి పెట్టాక చదివిన వాడికి బోయజు దయ ఎంతో కొలతతో సహా తెలిసింది.

బైబిలు ఒక్కటే చదివి సరిపెట్టకండి. వేమన పద్యాలు వారానికి ఒకటి నేర్పండి. గుర్రం జాషువాను (1895–1971) తెలుగు క్రైస్తవ ఇంటి పిల్లలు చదవకుండా పెద్దవాళ్లు కాకూడదు. ఆయన 'క్రీస్తు చరిత్ర' 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. పన్నెండేళ్లు నిండిన పిల్లలకు రోజుకు రెండు పద్యాలు చదివి, పదాలు విడదీసి చెప్పండి. జాషువా పడ్డ కులవివక్ష గురించి కూడా దాచకుండా చెప్పండి. చరిత్ర, పక్షులు, నక్షత్రాలు, ప్రయాణాలు, జానపద కథలు, అన్నీ గ్రంథాలయంలో ఉన్నాయి. నెలకు ఒకసారి పిల్లలను తీసుకెళ్లి వాళ్లచేతే ఎంపిక చేయించండి.

ఐదో మెట్టు: చేతిపని, ముందుగా లేసు

చేతిపనికి ఎక్కడెక్కడివో కాగితం బొమ్మలు వెతకనక్కరలేదు. మీ ఊరి చేతిపని ఏమిటో చూడండి. మాకు లేసు. 1830ల నుంచి నరసాపురంలో విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు సువార్త పని చేశాయి. ఆ శతాబ్దంలోనే మిషనరీ స్త్రీలు ఇక్కడి ఆడవాళ్లకు సూదీ దారమూ ఇచ్చి క్రోషే అల్లిక నేర్పారు. ఈ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అత్తయ్య చిన్నప్పటి నుంచి ఇదే చేసింది. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని కలిపే అతుకు పని చేసేవారట. దుప్పట్లు విదేశాలకు వెళ్లాయి, అల్లినవాళ్ల చేతికి వచ్చింది మాత్రం చిల్లరే. పిల్లలకు అల్లిక నేర్పేటప్పుడు ఈ కథ కూడా చెబుతాను. ఒక వస్తువును చూసి దాని వెనక ఎవరి కళ్లు అలిసిపోయాయో ఆలోచించడం కూడా చదువే.

ఏడేళ్లు నిండిన ఏ పిల్లైనా, పిల్లవాడైనా మొదలుపెట్టవచ్చు. మగపిల్లలకు వద్దనకండి. మావాడి అల్లిక అక్క అల్లిక కన్నా బిగువుగా వస్తుంది. మొదట సన్నని లేసు దారం ఇవ్వవద్దు. మందపాటి నూలు దారం, 3 మిల్లీమీటర్ల కొక్కెం సూది ఇవ్వండి. మొదటి వస్తువుగా బైబిల్లో పెట్టుకునే గుర్తు పట్టీ అల్లించండి.

జారుముడి వేసి సూదికి ఎక్కించాలి. దారాన్ని సూది కొక్కేనికి తగిలించి ముడిలోంచి లాగితే ఒక గొలుసు. అలా పదకొండు గొలుసులు. మొదటి వారమంతా ఇదే చేయించండి, అల్లుతూ ఉండనివ్వండి, విప్పుతూ ఉండనివ్వండి. గొలుసులన్నీ ఒకే కొలతలో వచ్చాక ముందుకు వెళ్లాలి. సూది నుంచి రెండో గొలుసులో సూది గుచ్చి, దారం తగిలించి లాగితే సూది మీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్లీ దారం తగిలించి రెండింటిలోంచీ ఒకేసారి లాగాలి. ఇది ఒక చిన్న కుట్టు. చివరిదాకా వెళితే పది కుట్లు. ఒక గొలుసు వేసి, పట్టీని తిప్పి, మళ్లీ పది. పద్దెనిమిది సెంటీమీటర్లు అయ్యేదాకా ఇంతే. చివర దారం తెంపి, ఆఖరి ఉచ్చులోంచి లాగి బిగించి, కొసకు చిన్న కుచ్చు కట్టాలి.

అందరూ చేసే తప్పు ఒకటుంది. వరుస చివర ఉన్న కుట్టు కంటికి ఆనదు. దాన్ని వదిలేస్తే వరుసకు ఒకటి చొప్పున తగ్గిపోయి, పట్టీ కాస్తా ముక్కోణం అవుతుంది. అందుకే ప్రతి వరుస చివరా పైకి లెక్కపెట్టించండి. పది రాకపోతే ఆ వరుస విప్పాలి. విప్పేటప్పుడు పిల్లలకు ఏడుపు వస్తుంది. అప్పుడు మీరు విసుక్కోకుండా పక్కన కూర్చుని, మీ అల్లికలో కూడా ఒక వరుస విప్పి చూపించండి. పట్టీ పూర్తయ్యే సరికి చేతులు తమంతట తామే నడుస్తాయి. ఇక ఆ రోజు నుంచి మీరు చదువుతుంటే వాళ్లు అల్లవచ్చు.

మీది కొండపల్లి వైపైతే పొణికి చెక్క బొమ్మలకు రంగులేయడం, కుమ్మరి వీధి దగ్గరైతే మట్టి, కొబ్బరి తోటల వైపైతే ఆకు అల్లిక, ఏది అందుబాటులో ఉంటే అది. మట్టల ఆదివారానికి, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఆదివారానికి, ముందు రోజు మా ఇంట్లో కొబ్బరి ఆకుతో చిన్న సిలువలు మడిచి, మందిరంలో పంచడానికి బుట్ట నింపుతాం.

ఆరో మెట్టు: క్రిస్మస్ నక్షత్రం

ఏడాదికి ఒక పెద్ద పని ఉండాలి. ఇంటిల్లిపాదీ చేయి వేయాల్సిన పని. మాకు అది నవంబరు చివరి వారంలో కట్టే నక్షత్రం. ఇప్పుడు బజారులో ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయి. అయినా వెదురుతో కట్టండి. అందులో కొలతలు, లెక్కలు, ఓర్పు అన్నీ ఉన్నాయి.

మేదరి వీధిలో పలచని వెదురు బద్దలు పది చీల్పించుకోండి. ఒక్కొక్కటి 60 సెంటీమీటర్ల పొడవు, సెంటీమీటరు వెడల్పు. ఇవి కాక 15 సెంటీమీటర్ల పుల్లలు ఐదు. అంచులకు గరుకు కాగితం వేసి రుద్దండి, లేకపోతే వేళ్లలో పేళ్లు దిగుతాయి. బద్దలను గంటసేపు నీళ్లలో నానబెట్టండి. నానని బద్ద వంచితే విరుగుతుంది.

1. ప్రతి బద్దకూ రెండు చివరల నుంచి 23 సెంటీమీటర్ల దగ్గర పెన్సిలు గుర్తు పెట్టించండి. మధ్యలో 14 మిగులుతుంది.
2. ఐదు బద్దలను నేల మీద ఐదు కొమ్ముల నక్షత్రంగా పరచండి. ఒక బద్ద పైన, ఒకటి కింద పోయేలా. గుర్తులు ఒకదాని మీద ఒకటి వస్తే నక్షత్రం సమంగా ఉన్నట్టు.
3. ఐదు కొసలను దారంతో బిగించి కట్టండి. లోపలి ఐదు కూడళ్లను కొంచెం వదులుగా కట్టండి.
4. మిగతా ఐదు బద్దలతో ఇలాంటిదే ఇంకొకటి.
5. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ జతగా కట్టండి.
6. లోపలి కూడళ్ల మధ్య ఒక్కో చిన్న పుల్ల నిలబెట్టి కట్టండి. నక్షత్రం ఉబ్బి నిలుస్తుంది. ఇది పెద్దవాళ్ల చేతి పని. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కట్టాలి.

అతికించడానికి గ్లాసు నీళ్లలో రెండు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద చిక్కబడేదాకా తిప్పండి. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకోవాలి. గాలిపటాల రంగు కాగితాన్ని ఒక్కో కొమ్ముకు కొలిచి, చుట్టూ వేలెడు అంచు ఎక్కువ ఉంచి కత్తిరించి, ఆ అంచును బద్ద మీదికి మడిచి అతికించండి. ముందు వైపు ఎరుపు, పక్కలకు తెలుపు వేస్తే వెలుగు బాగా కనిపిస్తుంది. వెనక మధ్య భాగం మాత్రం తెరిచి ఉంచాలి, బల్బు పెట్టడానికి. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బే వాడండి, పాత రకం బల్బు వేడికి కాగితం అంటుకుంటుంది. తీగ పని పెద్దవాళ్లే చేయాలి.

మొదటి గుర్తు దగ్గరే పెద్దమ్మాయితో లెక్క చేయించాను. 60లో 23 పోతే 37. 60ని 37తో భాగించు, 37ని 23తో భాగించు. రెండుసార్లూ 1.6 పైనే, కొంచెం తేడాతో ఒకే సంఖ్య. ఏ పరిమాణపు ఐదు కొమ్ముల నక్షత్రానికైనా అదే నిష్పత్తి అని చెబితే నమ్మక, కాగితం మీద నాలుగు నక్షత్రాలు గీసి కొలిచింది. నక్షత్రం కట్టే ఆ మూడు రోజులూ మావారు మత్తయి సువార్త రెండో అధ్యాయం, తూర్పు దేశపు జ్ఞానుల ప్రయాణం చదువుతూ ఉంటారు.

ఏడో మెట్టు: మిగతా సబ్జెక్టులు

లెక్కలు రోజూ ఉండాలి, నలభై నిమిషాలు, సెలవు లేకుండా. ఇంగ్లీషుకు చదివి వినిపించే పద్ధతే పనిచేస్తుంది, ముందు చెవికి అలవాటు చేసి తర్వాత వ్యాకరణం. విజ్ఞానశాస్త్రం ప్రభుత్వ పాఠ్యపుస్తకం ప్రకారం చదివిస్తూ, చేయగలిగిన ప్రయోగాలన్నీ వంటింట్లో చేయించండి. మీకు రాని సబ్జెక్టు ఉంటే సిగ్గుపడకుండా సంఘంలోని టీచరు అన్ననో అక్కనో వారానికి రెండు గంటలు అడగండి. మేము భౌతికశాస్త్రానికి అలాగే చేశాం.

ఎనిమిదో మెట్టు: కాగితాలు, పరీక్షలు

ఒక్కో పిల్లవాడికి ఒక పెద్ద ఫైలు పెట్టండి. ప్రతి శనివారం ఆ వారం చదివిన పుస్తకాల పేర్లు, చేసిన లెక్కల పేజీలు, ఒక రాత, ఒక బొమ్మ, చేతిపని ఫోటో, తేదీ వేసి అందులో చేర్చండి. పది నిమిషాల పని. వాయిదా వేస్తే నెలకు కొండవుతుంది. జనన ధ్రువపత్రం, ఆధార్ నకళ్లు ముందు పేజీల్లో ఉండాలి.

బడికి వెళ్లకుండా పరీక్షలు రాయడానికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) ఉంది. 1989లో మొదలైంది. దాని ప్రాథమిక విద్యా కార్యక్రమంలో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన మూడు స్థాయులు ఉన్నాయి. పదో తరగతికి 14 ఏళ్లు నిండి ఉండాలి, కనీసం ఐదు సబ్జెక్టులు రాయాలి, తెలుగు మాధ్యమంలో కూడా రాయవచ్చు. ఒకసారి నమోదైతే ఐదేళ్ల లోపు సబ్జెక్టులు విడివిడిగా పూర్తి చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో రాష్ట్ర సార్వత్రిక విద్యా సంస్థలు కూడా పది, ఇంటరు పరీక్షలు నడుపుతాయి. గడువు తేదీలు, ఫీజులు ఏటా మారతాయి కాబట్టి ఒక ఏడాది ముందే అధ్యయన కేంద్రానికి వెళ్లి అడిగి రండి.

తొమ్మిదో మెట్టు: తోడు, అలసట

ఇంటి చదువులో నిజమైన ప్రమాదం చదువు తగ్గడం కాదు, పిల్లలు ఒంటరి కావడం. మన విశ్వాసం కాపాడుకోవాలని పిల్లలను నాలుగు గోడల మధ్య పెట్టుకుంటే, వాళ్లు ప్రేమించాల్సిన పొరుగువాడు వాళ్లకు కనిపించడు. సండే స్కూలు సరిపోదు. వీధిలో అన్ని ఇళ్ల పిల్లలతో ఆడనివ్వండి. పక్కింటి రంజానుకూ, ఎదురింటి సంక్రాంతికీ పంపండి, మీ క్రిస్మస్‌కు వాళ్లను పిలవండి. మా నక్షత్రం కట్టేటప్పుడు వీధి పిల్లలు ఏడెనిమిది మంది మా అరుగు మీదే ఉంటారు.

ఏ పనీ సాగని రోజులు వస్తాయి. జ్వరాలు, చుట్టాలు, కరెంటు కోతలు, తల్లికి ఓపిక లేని రోజులు. అలాంటి రోజు లెక్కలు కూడా వదిలేయండి. చాప పరిచి, దారం చిక్కులు తీయడానికి పిల్లలకు ఇచ్చి, ఒక్క కథ చదవండి. అరుస్తూ చెప్పిన నాలుగు పాఠాల కన్నా అది మేలు. అరిచినట్టయితే రాత్రి ప్రార్థనకు ముందే పిల్లలను క్షమించమని అడగండి. నేను చాలాసార్లు అడిగాను.

చివరి మెట్టు: బడికి వెళ్తానంటే

పోయిన వేసవిలో పెద్దమ్మాయి, "అమ్మా, నేను ఎనిమిదో తరగతికి బడికి వెళ్తాను" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దవుతున్న పిల్ల అడిగినప్పుడు, ఎందుకో పూర్తిగా విని, మీరు కారణం లేకుండా అడ్డు చెప్పవద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి వెళ్లని పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. మేము ఫైలు పట్టుకుని దగ్గరి ప్రభుత్వోన్నత పాఠశాలకు వెళ్లాం. ప్రధానోపాధ్యాయురాలు పేజీలు తిరగేసి, రూతు లెక్క దగ్గర ఆగి, దాన్ని వివరించమని అడిగారు. తూము నుంచి సోల దాకా అమ్మాయే చెప్పింది. జూన్‌లో చేరింది.

ఇప్పుడు ఐదు గంటలకు సైకిలు దిగి, కాళ్లు కడుక్కుని, తమ్ముడి పక్కన చాప మీద కూర్చుంటుంది. బుట్టలోంచి సూదీ దారమూ తీస్తుంది. "నిన్న ఎక్కడ ఆపారు?" అని వాణ్ని అడుగుతుంది. వాడు చెబుతాడు. నేను పుస్తకం తెరుస్తాను.